వలంధర్ రేవులో సింగిల్ టిక్

ఎండాకాలం సాయంత్రాలు నరసాపురంలో ఇంట్లో ఎవరూ ఉండరు. ఐదు దాటాక ఫోన్ చేసి ‘ఎక్కడున్నావ్?’ అంటే ‘రేవులో’ అంటారు. ‘ఏ రేవు?’ అని అడిగారంటే మీది ఈ ఊరు కాదని తెలిసిపోతుంది. వలంధర్ రేవు! అక్కడ వశిష్ఠ గోదావరి బాగా వెడల్పుగా, తొందరేం లేనట్టు పోతుంటుంది. నీళ్లు గోదారివే గానీ గాలి మాత్రం సముద్రానిది.

2025 మే 8 సాయంత్రం నేనూ మా అక్కా ఆ రేవులోనే కూర్చున్నాం. పేరుకి గోదారి చూడ్డానికి వచ్చాం. నిజానికి ఇద్దరం చూస్తున్నది అక్క ఫోన్‌ని. వాట్సాప్‌లో బావ పేరు, దాని కింద వరసగా ఆరు వాయిస్ మెసేజ్‌లు. ఆరింటికీ ఒక్కటే టిక్.

బావ ఆర్మీలో నాయబ్ సుబేదార్. అప్పుడు జమ్ము వైపు ఉన్నాడు. జమ్ములో ఎక్కడ అంటే తను చెప్పడు, మేం అడగం. ముందు రోజు తెల్లవారక ముందే ఆపరేషన్ సిందూర్ మొదలైంది. అంతకు ముందే బావ దగ్గర్నుంచి ఒక చిన్న మెసేజ్ వచ్చింది. రెండు మూడు రోజులు ఫోన్ కలవదు, కంగారు పడొద్దు అని. ‘కంగారు పడొద్దు’ అని ఎవరైనా చెప్తే కంగారు మొదలయ్యేది అక్కణ్నుంచేగా! ఆ మాట అమ్మ నాకు ఫోన్లో చెప్పగానే ఆఫీసుకి సెలవు పెట్టి, హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే ఊళ్లో దిగాను.

అక్క అత్తగారి ఊరు మాధవరం. తాడేపల్లిగూడెం దగ్గర. మా జిల్లాలో దాన్ని ఉత్త మాధవరం అనరు, ‘మిలటరీ మాధవరం’ అంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి జనం వెళ్లారు. యుద్ధాల్లో పోయినవాళ్ల కోసం ఊళ్లో స్మారక స్తూపం ఉంది. ఇంటికొకరు సైన్యంలో ఉంటారంటే అది వాళ్లకి గొప్ప కాదు, మామూలు విషయం. ఆ ఊరి కోడలై కూడా ఇలా బెంబేలు పడతావేంటే అంది అమ్మ. ‘స్తూపం మీద మగాళ్ల గురించి రాశారమ్మా. ఇంట్లో కూర్చునేవాళ్లు ఏం చెయ్యాలో అందులో రాయలేదు’ అంది అక్క. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

రేవులో చీకటి పడుతుండగా అక్క ఉన్నట్టుండి అడిగింది.

“ఒరేయ్, ఇవి అవతల వినకపోతే ఎక్కడికి పోతాయిరా?”

సర్వర్లో ఉంటాయక్కా, ఆయన ఫోన్ ఆన్ అవగానే వెళ్తాయి అని టెక్నికల్‌గా ఏదో చెప్పాను. సాఫ్ట్‌వేర్ వాడిని కదా! కానీ ఆ ప్రశ్నతో నాకు ఎప్పుడో ఫోన్లో చూసిన ఒక పాత సంగతి గుర్తొచ్చింది. అది మంచి కథో కాదో ఆలోచించుకోకుండా మొదలుపెట్టేశాను.

265 ఏళ్లు విప్పని ఉత్తరాలు

అది 1758. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ యుద్ధం జరుగుతోంది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని సప్తవర్ష సంగ్రామం అంటారు. గలాతే అనే ఫ్రెంచి యుద్ధనౌక ఫ్రాన్సులోని బోర్డో రేవు నుంచి కెనడాలోని క్యుబెక్‌కి బయల్దేరింది. అందులో 181 మంది ఉన్నారు. దారిలో ఎసెక్స్ అనే ఇంగ్లీషు నౌక దాన్ని పట్టుకుంది. ఓడలో ఉన్నవాళ్లంతా ఖైదీలయ్యారు.

ఈ సంగతి వాళ్ల ఇళ్లల్లో తెలీదు. భార్యలు, తల్లులు, అన్నదమ్ములు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఫ్రెంచి తపాలావాళ్లు పాపం నిజంగానే ప్రయత్నించారు. ఓడ ఈ రేవులో ఉందంటే ఈ రేవుకి, ఆ రేవులో ఉందంటే ఆ రేవుకి ఆ మూట పంపారు. ప్రతిసారీ ఓడ వెళ్లిపోయాక మూట చేరేది. ఆఖరికి ఓడ శత్రువుల చేతికి చిక్కిందని తెలిసి, ఉత్తరాల్ని ఇంగ్లండుకే పంపించేశారు. ఖైదీలకి అందుతాయని.

లండన్లో నౌకాదళం అధికారులు అందులో ఒకటో రెండో విప్పి చూశారు. ఏవైనా యుద్ధ రహస్యాలు ఉంటాయేమోనని. అన్నీ ఇంటి గొడవలే. ‘ఇందులో ఏముంది’ అనుకుని పక్కన పడేశారు. అంతే! ఆ మూట అక్కడే ఉండిపోయింది. తర్వాత్తర్వాత కాగితాలన్నిటితో పాటు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరింది.

కేంబ్రిడ్జిలో రెనో మోరియూ అని ఒక చరిత్ర ప్రొఫెసర్ ఉన్నారు. ఆయన ఇంకేదో పని మీద వెళ్లి, ఈ పెట్టెలో ఏముందో చూద్దామని ఊరికే తెప్పించుకున్నారు. రిబ్బనుతో కట్టిన మూడు చిన్న కట్టలు కనిపించాయి. చాలా ఉత్తరాలకి లక్క ముద్రలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అనుమతి తీసుకుని విప్పించారు. అవి రాసినవాళ్ల తర్వాత, రెండున్నర శతాబ్దాలకి, వాటిని మొదట చదివిన మనిషి ఆయనే. నూటికి పైగా ఉత్తరాలు. కామాలూ ఫుల్‌స్టాపులూ లేవు. అక్షరాల వరస ఎవరికి తోచినట్టు వాళ్లది. కాగితం ఖరీదు కాబట్టి ఖాళీ అన్నదే లేకుండా నింపేశారు. వాటిని అర్థం చేసుకోవడానికే ఆయనకి ఐదు నెలలు పట్టింది. 2023 నవంబర్లో వివరాలు బయటపెట్టారు.

“ఇందులో నేనెక్కడున్నానురా?” అంది అక్క.

అక్కడికే వస్తున్నా అన్నాను.

అర్ధరాత్రి మారీ రాసింది

ఆ ఓడలో ఒక ఆఫీసరు లూయి షాంబ్రలాన్. ఫస్ట్ లెఫ్టినెంట్. ఆయన భార్య పేరు మారీ దుబోస్క్. 1758లోనే ఆవిడ భర్తకి ఒక ఉత్తరం రాసింది. ఓడ ఎక్కడుందో, ఆయన ఏమయ్యాడో ఆవిడకి తెలీదు. అయినా రాసింది. రాత్రంతా నీకు రాస్తూనే ఉండగలను అంది. ఎప్పటికీ నీ భార్యనే, నీకు నమ్మకంగా ఉండేదాన్నే అంది. చివర్లో, అర్ధరాత్రి అయింది, ఇంక పడుకునే వేళ అయిందనుకుంటా అని ముగించింది.

ఇందులో పెద్ద మాటలేం లేవు. యుద్ధం గురించి లేదు. రాజు గురించి లేదు. పక్క మీద మనిషి లేడు, నిద్ర రావట్లేదు, కొవ్వొత్తి ఉంది, కాగితం ఉంది. అంతే.

అక్క నా వైపు చూడట్లేదు. ఫోన్ తిప్పి నాకు చూపించింది. ఆఖరి వాయిస్ మెసేజ్ టైం 12.07.

“ఆవిడ ఉత్తరం ఎప్పటికైనా అందిందా ఆయనకి?”

కథ మొదలుపెట్టే ముందు ఆలోచించుకోవాల్సింది ఇదే. అందలేదు. ఆయన ఖైదులో ఉండగానే, మరుసటి ఏడాది ఆవిడ లె హావ్ర్ పట్నంలో చనిపోయింది. ఆయన విడుదలై 1761లో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ ఆ రాత్రి ఏం రాసిందో ఆయనకి తెలియనే తెలియదు.

ఇది నేను అక్కతో చెప్పలేదు. “దొరికిందిగా అక్కా, ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది” అన్నాను.

మా అక్క లేసు అల్లే మనిషి. ఒక్క ముడి తప్పినా దొరకబుచ్చుకుంటుంది. “నేనడిగింది ప్రపంచం గురించి కాదు” అని లేచింది.

మాధవాయిపాలెంలో అదే యుద్ధం

మర్నాడు పొద్దున్నే అంతర్వేది వెళ్లి రమ్మంది అమ్మ. అంతర్వేది లక్ష్మీ నరసింహస్వామికి మొక్కు. నరసాపురం నుంచి వెళ్లాలంటే మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగాలి. పంటు అంటే తెలియనివాళ్లకి: పెద్ద బల్లకట్టు లాంటిది. మనుషులు, బైకులు, కార్లు, కొబ్బరికాయల మూటలు అన్నీ ఒకేసారి దాటుతాయి. అవతల ఒడ్డు కోనసీమ.

ఈ మాధవాయిపాలెం పేరు మీకు తెలీకపోవచ్చు. ఇంగ్లీషువాళ్లకి ఒకప్పుడు బాగా తెలుసు. 17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ పెట్టుకుని బట్టలు కొని పంపేది. వాళ్ల నోట ఈ ఊరు ‘మడపోలం’ అయింది. ఇక్కణ్నుంచి వెళ్లే నూలు బట్టకీ అదే పేరు. ఇంగ్లీషు డిక్షనరీలో ఆ మాట ఇప్పటికీ ఉంది. అప్పట్లో ఇక్కడ ఓడలు కట్టేవాళ్లు, దెబ్బతిన్నవాటిని బాగు చేసేవాళ్లు. నిన్న మేం కూర్చున్న వలంధర్ రేవు డచ్చివాళ్లది. ‘హాలండర్’ నోళ్లలో నలిగి వలంధర్ అయిందంటారు ఊళ్లో. పక్కన పాలకొల్లులో డచ్చివాళ్ల సమాధులున్నాయి.

పంటు మీద రెయిలింగ్ పట్టుకుని నించున్నప్పుడు నాకు అంతవరకూ తట్టని విషయం ఒకటి తట్టింది. 1758! మారీ ఉత్తరం రాసిన ఆ ఏడాది, ఆ యుద్ధమే ఈ ఒడ్డు మీద కూడా జరిగింది.

అప్పటికి ఐదేళ్ల ముందు, 1753లో, నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. రాజమండ్రి, ఏలూరు సర్కార్లు వాటిలో భాగం. నరసాపురంలో ఫ్రెంచి దండు ఉండేది. 1758లో బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నారు. విజయనగరం ఆనంద గజపతిరాజు ఇదే అదను అని ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. కలకత్తా నుంచి క్లైవు కల్నల్ ఫోర్డుని పంపాడు. డిసెంబర్లో పిఠాపురం దగ్గర చందుర్తిలో యుద్ధం. ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. 1759 మొదట్లో నరసాపురం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఏప్రిల్లో ఒక రాత్రి మచిలీపట్నం కోట మీద పడి పట్టుకున్నారు. గోదావరి జిల్లాల మీద ఫ్రెంచి పెత్తనం దాంతో అయిపోయింది. యానాం ఒక్కటి 1954 దాకా వాళ్ల కింద మిగిలింది.

ఇదంతా అక్కకి చెప్పాను. పోటీ పరీక్షలకి చదివినట్టు తేదీలతో సహా. తను అల్లిక ఆపకుండా వింది. మా ఊరి ఆడవాళ్లు పంటు మీదైనా, బస్సులోనైనా లేసు అల్లుతూనే ఉంటారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇప్పుడిది ‘నరసాపురం’ పేరు మీదే చెల్లుతుంది.

అంతా విని ఒక్కటే అడిగింది.

“ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ కింద సిపాయిలుండి ఉంటారుగా?”

“వేల మంది ఉన్నారు. చందుర్తిలో రెండు వైపులా తెల్లవాళ్లకంటే వాళ్లే ఎక్కువ.”

“వాళ్ల పెళ్లాలు ఏం చేశార్రా?”

నా దగ్గర జవాబు లేదు. కల్నల్ పేరు తెలుసు, రాజు పేరు తెలుసు, కోట ఏ నెలలో పడిపోయిందో తెలుసు. చందుర్తికి వెళ్లినవాడి భార్య ఏం తిందో, ఎన్నాళ్లు గుమ్మంలో కూర్చుందో ఎక్కడా చదవలేదు. ఆవిడ రాయలేదు. బహుశా రాయడం రాదు. వచ్చినా తీసుకెళ్లే తపాలా లేదు. ఒకవేళ ఎవరైనా తీసుకెళ్లినా దాచిపెట్టే శత్రువు కూడా లేడు.

ఆలోచిస్తే అది విచిత్రమే. మారీ మాటలు ఇవాళ మనకి దొరికాయంటే, దాచింది ఆవిడ భర్త కాదు. పనికిరావని పక్కన పడేసిన శత్రువులు. ఆ ఉత్తరం చేరి ఉంటే ఆయన చదువుకుని జేబులో పెట్టుకునేవాడు. జేబుతో పాటే అది కూడా ఎప్పుడో చిరిగిపోయేది. చేరలేదు కాబట్టి మిగిలింది. దీన్ని అదృష్టం అనాలో ఏమనాలో నాకు తెలీదు.

అమ్మ ఉత్తరం కూడా ఉంది

అంతర్వేదిలో దర్శనమయ్యాక అక్క కాస్త తేలికపడింది. ఆ ఉత్తరాల్లో ఇంకేమున్నాయో చెప్పమంది. అప్పుడు నికొలా కెనెల్ అనే కుర్రాడి కథ చెప్పాను. అతనూ ఆ ఓడలోనే నావికుడు. వాళ్లమ్మ మార్గరీత్‌కి 61 ఏళ్లు. ఆవిడకి చదువు వచ్చి ఉండదు, ఎవరి చేతో రాయించింది. నువ్వు కొత్త సంవత్సరం నాడు నీకు కాబోయే పెళ్లానికి రాశావు, నాకు రాయలేదు, నువ్వు నన్ను తలుచుకునేదానికంటే నేను నిన్ను ఎక్కువ తలుచుకుంటున్నాను అంటూ మొదలుపెట్టింది. మూడు వారాలుగా ఒంట్లో బాగోలేదు, ఇంక సమాధిలోకే అనిపిస్తోంది అని కూడా రాయించింది.

అక్క నవ్వేసింది. రెండు రోజుల్లో మొదటిసారి. “అచ్చం మా అత్తగారే!”

ఇంకా ఉంది. ఆ కాబోయే భార్య మరియాన్ మధ్యలో నలిగిపోయింది. బాబూ, మీ అమ్మకి ఒక ఉత్తరం ముక్క రాయి, నా ప్రాణం హాయిగా ఉంటుంది అని అతణ్ని బతిమాలుకుంది. ఆఖరికి అతను రాశాడు కాబోలు, మీ అమ్మకి ఉత్తరం అందింది, ఇంట్లో మబ్బు విడిపోయింది అని మరో ఉత్తరంలో చెప్పింది.

ఆ ఉత్తరాల కింద ఉన్న సంతకాల్లో 59 శాతం ఆడవాళ్లవే. ఆ యుద్ధం మొత్తంలో 64 వేలకి పైగా ఫ్రెంచి నావికులు ఇంగ్లండులో ఖైదీలయ్యారు. అంతమంది ఇళ్లలో అప్పులవాళ్లతో మాట్లాడింది, పిల్లల్ని పెంచింది, కబుర్లు ఒకరి నుంచి ఒకరికి చేరేసింది ఎక్కువగా ఆడవాళ్లే. పక్కింటి నావికుడు తన భార్యకి రాసిన ఉత్తరంలో నీ మొగుడు కులాసా అని ఒక్క ముక్క ఉంటే, అది ఆ వీధి మొత్తానికి ఉత్తరమే. మిలటరీ మాధవరంలో వాట్సాప్ గ్రూప్ ఉంది. పనిచేసేది ఇలాగే. ఒకరి భర్త ‘ఓకే’ అంటే ఆ ‘ఓకే’ పదిళ్లకి వెళ్తుంది.

నా ఫోన్లో అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు వినకుండా ఎన్ని ఉన్నాయో ఆ క్షణంలో గుర్తొచ్చింది. అక్కతో మాత్రం అనలేదు.

పోస్టాఫీసు

తిరుగు పంటు దిగగానే అక్క ఇంటికి రాలేదు. బజార్లో ఒక కవరు, నాలుగు తెల్ల కాగితాలు కొంది. “ఫోన్ కలవకపోతే ఏం, పోస్టు ఉందిగా” అంది. ఆర్మీవాళ్లకి ఉత్తరం రాయాలంటే ఊరి పేరు అక్కర్లేదు. పేరు, నంబరు, యూనిట్, ఆ కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ. మనిషి ఎక్కడున్నాడో రాసేవాళ్లకి తెలియక్కర్లేదు, ఆర్మీ తపాలావాళ్లకి తెలిస్తే చాలు. మారీ కాలంలో ఈ ఏర్పాటు ఉండుంటే ఎలా ఉండేదో!

పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాసింది. నేను కొంచెం దూరంగా నించున్నాను. తను ఇంటర్ దాకా చదివింది, కానీ ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. మొదటి కాగితం చింపేసింది. రెండోది కూడా. మూడోది ఆగకుండా రాసింది. రెండు వైపులా నింపింది, అంచుల్లో కూడా. ఏం రాశావని నేను అడగలేదు. తను చెప్పలేదు.

కౌంటర్లో ఆయన అడ్రసు చూసి, “మన పిల్లాడేనామ్మా? మరేం ఫర్వాలేదు, చేరుతుంది” అన్నారు. స్టాంపు ఆయనే అంటించి, ముద్ర కూడా మా ఎదురుగానే గట్టిగా వేశారు.

మర్నాడు, మే 10 సాయంత్రం, కాల్పులు ఆపేశారని టీవీలో చెప్పారు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకి అక్క ఫోన్లో టిక్కులు వరసగా రెండయ్యాయి. అప్పటికి అవి పధ్నాలుగు. కాసేపటికి నీలం రంగులోకి మారడం మొదలైంది. ఒక్కోటీ. మేం అందరం భోజనాలు వదిలేసి ఆ రంగే చూస్తూ కూర్చున్నాం. పధ్నాలుగూ విన్నాక గానీ బావ ఫోన్ చెయ్యలేదు. అక్క ఫోన్ తీసుకుని డాబా మీదకి వెళ్లిపోయింది.

ఇంక ఉత్తరంతో పనేముంది? అది ఎక్కడో సంచిలో ప్రయాణం చేస్తూనే ఉంది. నేను హైదరాబాద్ వచ్చేశాను. నెలాఖర్లో బావ నాకు ఒక ఫొటో పంపాడు. మడతలు పడిన కవరు, దాని మీద నరసాపురం ముద్ర. కింద ‘మీ అక్క ఉత్తరం వచ్చిందిరా’ అని ఒక్క ముక్క. లోపలి కాగితం ఫొటో పంపలేదు. తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు ఫోన్లో ఆ మెసేజ్‌లు ఉన్నాయా అంటే, ఫోన్ మార్చానురా, పోయాయి అన్నాడు. ఉత్తరం మాత్రం పర్సులో ఉంది.

మారీ ఎలా చనిపోయిందో ఆ రోజు అక్కకి చెప్పలేదన్నాను కదా. బావ వచ్చి వెళ్లాక చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయినా రాసింది మంచిదేలేరా. రాసినంతసేపూ ఆయనతో ఉన్నట్టేగా” అంది.

మీరు నరసాపురం వస్తే సాయంత్రం వలంధర్ రేవుకి, పొద్దున్న మాధవాయిపాలెం రేవుకి వెళ్లండి. పంటు ఎక్కండి. 1758 తాలూకు బోర్డు ఎక్కడుందా అని వెతక్కండి. పంటు మీద లేసు అల్లుతూ, మధ్యమధ్యలో ఫోన్ చూసుకునే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో కొందరి మనుషులు గల్ఫ్‌లో ఉంటారు, కొందరివాళ్లు ఓడల మీద, కొందరివాళ్లు బోర్డర్లో.

నేను ఆ రోజు తిరుగు రైల్లో పాలకొల్లు దాటక ముందే ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. అమ్మ మెసేజ్‌లు పదకొండు. అన్నిటికంటే పాతది ఫిబ్రవరిది. “తిన్నావా నాన్నా?” అని మొదలైంది.